ఎడమ పక్క కుర్చీ

నా ఉద్యోగం పేరు ఆక్యుపేషనల్ థెరపిస్టు. మన్సూరాబాద్‌లో మా కాలనీ వాళ్ళు ఆ పేరు విని చాలాకాలం నేను ఉద్యోగాలు ఇప్పించే మనిషిని అనుకున్నారు. మా పై అంతస్తు ఆవిడ ఒకసారి వాళ్ళబ్బాయి బయోడేటా కవర్లో పెట్టి, పైన పసుపు బొట్టు కూడా పెట్టి తెచ్చి ఇచ్చింది. అది కాదండీ, పక్షవాతం లాంటివి వచ్చినవాళ్ళకి చొక్కా గుండీలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, స్నానం చేయడం, తమ పనులు తాము చేసుకోవడం మళ్ళీ నేర్పిస్తామని చెప్పాను. ఆవిడ కవరు వెనక్కి తీసుకుంటూ, అంటే ఫిజియోనా అంది. ఫిజియో వేరండీ అన్నాను. అదే లెండి అంది. ఆ 'అదే లెండి'తోనే నేను రిటైరయ్యాను.

ఈమధ్య ఈ కోర్సు చదువుతున్న పిల్లలు కొందరు నన్ను పిలిచి, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పమన్నారు. వాళ్ళకి ఏం కావాలో నాకు తెలుసు. మంచం మీదున్న మనిషి లేచి పరుగెత్తాలి, ఇంటిల్లిపాదీ కళ్ళు తుడుచుకోవాలి. అలాంటివి నా దగ్గర తక్కువ. లేచి పరుగెత్తిన వాళ్ళు ఎవరైనా ఉంటే ఆ పేరు మా ఫిజియోకి పోయింది. నా దగ్గరున్నది ఒక మొగుడూ పెళ్ళాల తగువు. అదే మొదలుపెట్టాను. సగంలో ఉండగానే భోజనాల గంట కొట్టారు. మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మా క్లినిక్ దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, ఒక చెప్పుల దుకాణం పైన రెండో అంతస్తులో ఉండేది. కాళ్ళు పడిపోయినవాళ్ళ కోసం పెట్టిన క్లినిక్‌ని రెండో అంతస్తులో పెట్టాలన్న తెలివి ఎవరిదో నాకు చివరిదాకా తెలియలేదు. లిఫ్టు ఉండేది, తనకు బుద్ధి పుట్టినప్పుడు కదిలేది. కింద దుకాణం వాళ్ళు పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర్నుంచీ మైకు పెట్టేవాళ్ళు. రండమ్మా రండి, కొత్త స్టాకు వచ్చింది రండి అని ఒకే గొంతు, ఒకే రాగం.

మా ఫిజియో అప్పటికి నా కొడుకు ఈడువాడు. మంచి పనిమంతుడు. పేషెంటు నాలుగడుగులు వేస్తే చాలు, ఫోన్లో వీడియో తీసి, వెనక పాట ఒకటి తగిలించి ఇంటర్నెట్‌లో పెట్టేవాడు. నడిపిస్తే మన పని అయిపోయినట్టే మేడం అనేవాడు. నడిచి ఎక్కడికి వెళ్తాడు, వెళ్ళి అక్కడేం చేస్తాడు, అది నా పని అనేదాన్ని. ఈ వాదన రోజూ ఉండేది. మధ్యాహ్నం ఇద్దరం ఒకే టేబులు దగ్గర డబ్బాలు విప్పుకునేవాళ్ళం కాబట్టి ముదిరేది కాదు.

ఒకరోజు పొద్దున లిఫ్టులోంచి ఒక పెద్దాయన చేతికర్రతో దిగాడు. ఆయన వెంట భార్య, కోడలు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, పొడుగాటి మనిషి. మొహం కుడి సగం నున్నగా గీసి ఉంది, పౌడరు కూడా అద్ది ఉంది. ఎడమ సగం వారం గడ్డం. తల కూడా కుడివైపే దువ్వి ఉంది. ఆ సగం మొహం చూడగానే గుర్తుపట్టాను. ఎల్బీనగర్‌లో డ్రైవింగ్ స్కూలు సారు. ఈ చుట్టుపక్కల కారు నడిపేవాళ్ళలో చాలామంది ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్ళే. ఆయన పక్కన కూర్చుని కూడా నేర్చుకోలేకపోయినవాళ్ళు కొద్దిమంది ఉన్నారు. నేను ఆ కొద్దిమందిలో దాన్ని.

ఆయన పద్ధతి నాకింకా గుర్తే. ఎడమ సీట్లో కూర్చుని, కాళ్ళ దగ్గర తనకో బ్రేకు పెట్టుకుని, చేతిలో చెక్క స్కేలుతో డ్యాష్‌బోర్డు మీద కొట్టేవాడు. లెఫ్ట్ మిర్రర్ చూడు, రైట్ మిర్రర్ చూడు అని. నేను ఆ స్కేలును చూస్తూ కారును డివైడరు ఎక్కించాను. ఆయన దిగి, కారును ఒకసారి చూసి, నన్ను ఒకసారి చూసి, మేడం, మీకు బస్సే మంచిగుంటది అన్నాడు. మెట్రో రైలు వచ్చేదాకా నేను ఆ మాటే పాటించాను.

ఇప్పుడు ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నేనూ గుర్తుచేయలేదు. ఆయనకు మెదడు కుడి భాగంలో రక్తం గడ్డకట్టి, ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. దవాఖానలో కొన్నాళ్ళు ఉండి ఇంటికొచ్చాడు. కాలు బాగానే తిరిగి వచ్చింది, చెయ్యి మెల్లగా వస్తోంది. మాట తేటగా ఉంది. జ్ఞాపకశక్తి నాకంటే మెరుగు. కానీ గడపలకు తగులుకుంటున్నాడు, సగం గడ్డం గీసుకుంటున్నాడు. చూపు పోయిందేమోనని కొడుకు కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, కళ్ళు బంగారంలా ఉన్నాయన్నారు. అయినా మనసొప్పక కొత్త కళ్ళజోడు చేయించారు. కళ్ళజోడు ఎడమ అద్దం మీద సాంబారు చుక్క ఎండిపోయి ఉంది. ఆయనకు అది అడ్డమే కాలేదు.

ఆయన్ని నడిపించడానికి ఫిజియో లోపలికి తీసుకెళ్ళాక, అప్పటిదాకా ముక్తసరిగా జవాబులిచ్చిన భార్య కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"మేడం, మీరు కాలు మంచిగ చేస్తరో, చెయ్యి మంచిగ చేస్తరో నాకు తెల్వదు. గాయన నాతోని మాట్లాడ్తలేడు. జర గది అడగుండ్రి."

దవాఖాన నుంచి వచ్చిన రోజు మొదలు ఇదే వరస అని చెప్పింది. కోడలితో మాట్లాడతాడు, కొడుకుతో మాట్లాడతాడు, పాలవాడితో కూడా మాట్లాడతాడు. తను రోజంతా మంచం పక్కనే కూర్చుని పడిపోయిన చెయ్యి పిసుకుతూ ఉంటే ఒక్కసారి కూడా మొహం తిప్పి చూడడు. ఎప్పుడూ గుమ్మం వైపే చూపు. పిలిస్తే పలుకుతాడు, అదీ గుమ్మం వైపు చూసే. అన్నం పెడితే కూరేదీ అంటాడు. పళ్ళెంలో కూర ఉంటుంది. కోడలు వచ్చి పళ్ళెం అటుదిటు తిప్పితే, ఇప్పుడు పెట్టినవా అని కోడలిని మెచ్చుకుంటాడు.

కారణం కూడా ఆవిడకు తెలుసట. ఆ రోజు పొద్దున ఆయన చెయ్యి బరువుగా ఉందంటే, రాత్రి అడ్డదిడ్డంగా పడుకుని ఉంటాడనుకుని మజ్జిగ ఇచ్చి కాసేపు పడుకోమంది. కొడుకు డ్రైవింగ్ క్లాసు ముగించుకుని వచ్చి చూసి దవాఖానకు తీసుకెళ్ళేసరికి ఆలస్యమైంది. డాక్టరు ముందే వస్తే బాగుండేదని అందరి ముందూ అన్నాడు.

"గా కోపం పోతలేదు మేడం. పోదు గూడ. నేను ఆయన కండ్లకు ఆన్తలేను."

కళ్ళకు ఆనడం లేదు. ఆవిడ ఆ మాట బాధతో అంది. చదువుకున్న మేము పెద్ద పేరు పెట్టి ఫైల్లో రాసుకునే జబ్బు సరిగ్గా అదేనని అప్పుడు ఆవిడకు తెలియదు. నేను ఒక్కటే అడిగాను, ఇంట్లో మీరు ఏ పక్కన కూర్చుంటారమ్మా అని. పడిపోయిన చెయ్యి వైపే కదా కూర్చోవాలి, ఎడమ పక్కనే, కిటికీ దగ్గర అంది. గుమ్మం కుడి పక్కన ఉంది.

తర్వాత ఆయన్ని కూర్చోబెట్టి తెల్ల కాగితం ఇచ్చి, ఎదురుగా నిలబడి చూస్తే కారు ఎలా ఉంటుందో బొమ్మ వేయమన్నాను. సంతోషంగా వేశాడు. గీతలో చెయ్యి తిరిగిన మనిషి. కుడి పక్క దీపం, కుడి పక్క అద్దం, వైపరు, నెంబరు ప్లేటులో చివరి అంకెలు. ఎడమ సగం లేదు. కారు మొత్తం వేశారా సార్ అంటే, మొత్తం కాక సగమేస్తరా మేడం అని నన్ను జాలిగా చూశాడు. ఇంట్లో ఎలా ఉందని అడిగితే ఆయనకూ ఒక ఫిర్యాదు ఉంది.

"మా ఆమె దగ్గరికొస్తలేదు. యాడ్నో లోపలి నుంచి మాట్లాడ్తది. రోగమొచ్చినోని పక్కన కూసునుడు ఇష్టం లేదేమో. నేను దర్వాజ దిక్కే చూస్తుంట, ఇప్పుడొస్తది అప్పుడొస్తదని."

ఆ సమయంలో ఆవిడ ఆయన ఎడమ పక్కనే, మోచేయి తగిలేంత దగ్గర్లో కూర్చుని ఉంది. మాట విని, నా వైపు చూసి, తల దించుకుంది. కోడలు నవ్వాలో ఏడవాలో తెలియక ఫోన్లో మొహం దాచుకుంది.

వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడం నా వంతు. పుస్తకాల్లో ఉన్నట్టు చెబితే నాకే నిద్రొస్తుంది. కిటికీ చూపించి, కింద మైకు ఏమంటోంది అని కోడలిని అడిగాను. ఆ అమ్మాయి చెవి పెట్టి విని, కొత్త స్టాకు వచ్చిందంటున్నాడు అంది. ఇంతసేపూ అంటూనే ఉన్నాడు కదా, వినిపించిందా అన్నాను. లేదంది. చెవిలో పడుతూనే ఉంది, ధ్యాసలో పడలేదు. కళ్ళూ చెవులూ చర్మమూ తెచ్చి పోసే సరుకంతా మెదడు విప్పి చూడదమ్మా, అంత తీరిక దానికి లేదు. ఇది ముఖ్యం, అటు చూడు, ఇది వదిలెయ్ అని లోపల ఒక ఏర్పాటు చెబుతూ ఉంటుంది. మనకు తెలియకుండానే ధ్యాసను అటూ ఇటూ తిప్పుతుంటుంది. ఈయనకు ఎడమ వైపుకి తిప్పే ఏర్పాటు దెబ్బతింది. కన్ను చూస్తోంది, కానీ అటు ఒక పక్క ఉందన్న సంగతే మెదడు పట్టించుకోవడం లేదు. లేనిదాన్ని ఎవరు వెతుక్కుంటారు? మీ అత్తగారు ఆయనకు కనబడని చోట కూర్చుంటున్నారు. అంతే. కోపం లేదు, తాపం లేదు.

భార్య అంతా విని, మా ఇంట్లో మొగోళ్ళందరికీ ఈ రోగమే ఉన్నట్టుంది, ఈయనకు మాత్రమే మీరు కనిపెట్టారు అంది. కానీ ఆవిడ నమ్మలేదని నాకు తెలుస్తూనే ఉంది. మజ్జిగ సంగతి ఆవిడ గొంతులోనే ఉంది. నేను ఆయన్ని వెనకేసుకొస్తున్నానని అనుకుంది.

మొదట చెప్పింది చిన్న పని. కుర్చీ తీసుకెళ్ళి మంచానికి కుడి పక్కన వేసుకోమన్నాను. తర్వాతి వారం కోడలు వచ్చి, ఇంట్లో మాటలు మొదలయ్యాయని చెప్పింది. మొదటి మాట పప్పులో ఉప్పు గురించట, సాయంత్రానికి కొడుకు పెళ్ళినాటి గొడవలు కూడా తవ్వుకున్నారట. ఆవిడ మొహం కాస్త తేరుకుంది. అప్పుడు నేను రెండో మందు చెప్పాను. కుర్చీని మెల్లమెల్లగా ఆయన కాళ్ళ వైపుకి, అక్కడినుంచి మళ్ళీ ఎడమకి జరపాలి. అన్నీ కుడి పక్కనే దొరుకుతుంటే ఆయన ఎప్పటికీ ఎడమకి తిరగడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన్ని మీ వెంట తిప్పుకోవాలి అన్నాను. ఇప్పుడే గదా ఇటొచ్చిన, మళ్ళ పొమ్మంటరా అని ఆవిడ నాతో ఆ రోజంతా మాట్లాడలేదు.

క్లినిక్‌లో ఆయనతో నా పని సాగింది. కాగితం ఎడమ అంచున ఎర్రగా మందపాటి గీత గీసి, అది కనబడేదాకా తల తిప్పితేగాని చదవడం మొదలుపెట్టకూడదని షరతు. పళ్ళెం ఎడమ అంచు దాకా వేలితో తడిమి చూడాలి. ఎడమ చేతిని ఎడమ వైపే కదిలిస్తుండాలి. ఆయన పాత స్కేలు మాటనే నేనూ వాడాను, లెఫ్ట్ మిర్రర్ సార్ అని. రెండోసారో మూడోసారో అలా అనగానే నన్ను తేరిపార చూసి, మీరు డివైడరెక్కించిన మేడం కదా అన్నాడు. ఫిజియో చేతిలోని రబ్బరు బంతి కింద పడింది. ఆ తర్వాత నెలలపాటు క్లినిక్‌లో నా పేరు అదే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆయన తెలివైనవాడు. నా కాగితాల మర్మం కనిపెట్టేశాడు. ఎర్ర గీత దాకా పోవాలి, అంతే కదా. కొన్నాళ్ళకు నేను కాగితం నిండా గీసిచ్చిన చిన్న గీతల్ని ఒక్కటీ వదలకుండా కొట్టేశాడు, బొమ్మలన్నీ నిండుగా వేశాడు, గడ్డం రెండు పక్కలా గీసుకున్నాడు. ఒకరోజు కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, ఇక నేను స్కూలుకి పోతాను, కారెక్కుతాను, ఆరోగ్యం బాగుందని ఒక ముక్క రాసివ్వమన్నాడు. కొడుకు మొహమాటపడుతూనే చెప్పాడు. నాన్న పేరు మీద వచ్చే పిల్లలు ఎదురుచూస్తున్నారు, కొత్త కారు కూడా వచ్చింది, మంచిరోజు చూశామని. మెదడు డాక్టరు, అది థెరపీ మేడం చెప్పాలని నా మీదకు నెట్టేశాడట. ఫిజియోని అడిగితే, నడక సూపర్ మేడం, రాసిచ్చేయండి అన్నాడు.

నాకు చెయ్యి రాలేదు. కాగితం నోరు మెదపదు. బల్ల మీద పెట్టి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, నెమ్మదిగా అన్నీ వెతికి పట్టుకోవచ్చు. బండ్లు, మనుషులు, హారన్లు, అరుపులు అన్నీ ఒకేసారి మీద పడినప్పుడు ధ్యాస మళ్ళీ తనకు సులువైన వైపే పోతుంది. ఎల్బీనగర్ చౌరస్తాలో ఎడమ సీట్లో కూర్చుని, నా లాంటి దాని పక్కన బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చునే మనిషికి ఎడమ వైపు స్కూటరు ఆనకపోతే ఏమవుతుందో ఆలోచిస్తేనే భయమేసింది. సరే సార్, బయట ఒక పరీక్ష పెడతాను, అది పాసైతే రాసిస్తాను అన్నాను. ఆయన నవ్వి, మీరు నాకు టెస్టు పెడ్తరా అన్నాడు. కొడుకు కూడా నవ్వాడు. నేను పాత బాకీ తీర్చుకుంటున్నానని ఇద్దరికీ అనుమానం.

కొడుకు క్లాసులున్నాయని వెళ్ళిపోయాడు. ఆ రోజు సాయంత్రం నాలుగింటి తర్వాత, దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ నిండేవేళ కిందికి దిగాం. నియమం తేలిక. క్లినిక్ మెట్ల దగ్గర్నుంచి మెట్రో స్టేషను మెట్ల దాకా నడవాలి. దారిలో తెలిసిన మనిషి ఒకరు నిలబడి ఉంటారు. వాళ్ళు కనబడగానే ఆగి పలకరించాలి. ముందే చెప్పాను, దాచలేదు. నేను ఆయన వెనక ఫోన్లో వీడియో తీస్తూ నడిచాను. ఫిజియో ఆయన ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ తన వీడియో తను తీసుకున్నాడు. అతనికి కావలసింది కాలు. రాత్రికి పాట తగిలించాలి కదా.

ఆయన ఠీవిగా నడిచాడు. కుడి వైపున రోడ్డు. అడ్డంగా ఆపిన ఆటోవాణ్ణి మందలించాడు, హెల్మెట్ లేకుండా పోతున్న కుర్రాడికి క్లాసు పీకాడు. ఎడమ వైపు దుకాణాలు. ఒక బట్టల కొట్టు ముందు నిలబెట్టిన బొమ్మకు భుజం తగిలింది. పూలమ్మే ఆవిడ పరిచిన గోనెపట్టా అంచు తొక్కాడు, ఆవిడ కళ్ళు లేవా అంటే, దారిల పెట్టుకున్నది నువ్వు అన్నాడు. గాజుల బండి దగ్గర, ఆయనకు ఎడమ పక్కన, నేను ముందే ఫోను చేసి రప్పించిన భార్య నిలబడి ఉంది. చిలకాకుపచ్చ చీర. ఆయన దగ్గరికి రాగానే సగం చెయ్యి ఎత్తింది. ఆయన ఆవిడ కొంగు రాసుకుంటూ దాటి వెళ్ళిపోయాడు. స్టేషను మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, ఎవ్వరు రాలే మేడం, మీ మనిషి మోసం చేసిండు అన్నాడు.

భార్యతో సహా మళ్ళీ పైకి వచ్చాం, ఆవిడ అలవాటుగా ఆయన ఎడమ పక్కనే కూర్చుంది. విషయం చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. నా పెళ్ళాన్ని నేను గుర్తుపట్టనా అన్నాడు. నా ఫోన్లో వీడియో చూపించాను. వెనక నుంచి తీసింది కాబట్టి తెరలో కూడా ఆవిడ ఎడమ పక్కనే ఉంది. ఆయన జాగ్రత్తగా చివరిదాకా చూసి, ఫోను నా చేతిలో పెట్టి, గీన్ల గూడ ఎవ్వరు లేరు అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆయన చూసిన వీడియోలో నిజంగానే ఎవరూ లేరు. నేనిక ఏం చూపించాలో తోచక కూర్చుండిపోయాను.

అప్పుడు ఫిజియో, మూలన కూర్చుని సమోసా తింటూ తన వీడియో చూసుకుంటున్నవాడు, నమలడం ఆపేశాడు. లేచి వచ్చి, తన ఫోను ఆయన ముందు పెట్టాడు. అతను తీసింది ముందు నుంచి. ఎదురుగా నిలబడి తీస్తే ఆయన ఎడమ పక్కన ఉన్నదంతా తెరలో కుడి పక్కకి వస్తుంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ ఉపాయం నాకు తట్టలేదు. అతనికీ తట్టలేదు, కాలి కోసం తీస్తే దొరికింది. ఆ తర్వాత దాన్ని తన పద్ధతి అని చాలాచోట్ల చెప్పుకున్నాడు, నేను కాదనలేదు.

తెర మీద కుడి పక్కన గాజుల బండి. చిలకాకుపచ్చ చీర. ఆవిడ చెయ్యి ఎత్తడం, ఆయన దాటిపోవడం, ఆవిడ ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి, కాసేపటికి దించుకుని జుట్టు సర్దుకున్నట్టు నటించడం. ఆయన మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నాడు. మళ్ళీ చూశాడు. కింద మైకు రండమ్మా రండి అంటూనే ఉంది.

"గామె చెయ్యి లేపింది," అన్నాడు. "నేను చూడలే."

తర్వాత గుమ్మం వైపు చూస్తూ అడిగాడు.

"యాడున్నవ్?"

"ఈడ్నే ఉన్న."

ఆయన ఎర్ర గీత కోసం తిప్పినట్టుగా తల ఎడమకి తిప్పాడు. చాలలేదు. భుజం తిప్పాడు. చివరికి నడుము కూడా తిప్పుకుని, ఆవిడ మొహం మీదకు చూపు వచ్చేదాకా ఆగలేదు.

"నువ్వు రాలేదనుకున్న. దవాఖానల గూడ."

"దవాఖానల గూడ ఈ పక్కకే కూసున్న."

ఇంత జరిగాక ఆవిడ తన గొంతులో ఉన్నది బయటపెట్టేసింది. ఆ పొద్దున మజ్జిగిచ్చి పడుకోమన్నందుకే మాట్లాడటం లేదనుకున్నానని, తన వల్లే ఇదంతా అయిందని. ఆయన ఆవిడ మొహం మీంచి చూపు తీయకుండానే అడిగాడు.

"ఏ మజ్జిగ?"

 ఇన్ని నెలలు రాత్రీ పగలూ మోసిన బరువు ఆయన లెక్కలోనే లేదని తెలిస్తే సంతోషించాలా, కోప్పడాలా? ఆవిడ రెండోది ఎంచుకుంది. మజ్జిగిస్తే మజ్జిగిచ్చిందన్న గ్యానం గూడ లేదు అని కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ తిట్టింది. ఫిజియో సమోసా కాగితం నలుపుతూ కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

రాసిచ్చే సంగతి మళ్ళీ నేను ఎత్తలేదు. ఆయనే ఎత్తాడు. కొడుకు వచ్చేదాకా ఆగి, మంచిరోజు మార్చుకోమని, తన సీట్లో ఇంకో మనిషిని పెట్టుకోమని చెప్పాడు.

"పక్కనున్న మనిషిని చూడకపోతి. స్కూటరోన్ని చూస్తనా?"

అలా అన్నంత మాత్రాన తేలిగ్గా తీసుకున్నాడని అనుకోకండి. లిఫ్టు రాకపోతే మెట్ల మీదే దిగాడు, ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. తర్వాతి రెండు సిట్టింగులకు రాలేదు. బతుకంతా కూర్చున్న సీటు అది. ఫిజియో నా మీద అలిగాడు, పరీక్ష పెట్టకపోతే పోయేది కదా మేడం అని. పెట్టకపోతే ఏం పోయేదో చెప్పు అన్నాను. తన డబ్బాలోని ఆవకాయ నా వైపు జరిపాడు.

మూడోసారికి ఆయన వచ్చాడు. ఈసారి కష్టపడ్డాడు, పరీక్ష పాసవడానికి కాదు. ముందు తనకు ఏదో పోయిందని నమ్మాడు కాబట్టి వెతకడం మొదలుపెట్టాడు. పిల్లలూ, ఈ పనిలో ఇది గుర్తుపెట్టుకోండి. కనబడటం లేదు అని చెప్పే పేషెంటు సగం దారి వచ్చేసినట్టే. అంతా కనబడుతోంది అనేవాడి దగ్గరే మీకు చెమటలు పడతాయి. ఇది పేషెంట్లకే కాదని మా ఆయన అంటుంటారు, ఎవర్ని ఉద్దేశించో నేను అడగలేదు.

ఆయన పూర్తిగా బాగుపడలేదు. అలసిపోతే, జనంలో పడితే, ఎడమ వైపు మళ్ళీ జారిపోయేది. కారెక్కలేదు. కానీ స్కూలుకి వెళ్ళడం మొదలుపెట్టాడు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు పాఠం ఆయనదే. మా కాలనీ అమ్మాయి ఒకతె అక్కడ చేరింది. ఆగి ఉన్న కారులో కూర్చోబెట్టి, ఇప్పుడు నీ ఎడమ పక్క నుంచి ఎవరు పోయారని అడుగుతాడట. చూశాను కానీ గుర్తులేదు సార్ అంటే, చూడలేదు, కన్ను తెరిచి పెట్టుకున్నావ్, అంతే అంటాడట. ఆ అమ్మాయి ఏడ్చుకుంటూ వచ్చింది. నేర్చుకుంది మాత్రం. ఆయన భార్య ఒకసారి ఫోను చేసి, మేడం, ఇప్పుడు అన్నీ చూస్తుండు, నేను టీల చక్కెరెంత ఏసుకుంటున్ననో గూడ చూస్తుండు, మునుపే మంచిగుండె అని వాపోయింది.

నేను రిటైరయ్యాక ఒకరోజు చైతన్యపురి మెట్రో స్టేషనులో వాళ్ళిద్దరూ కనబడ్డారు. లోపలికి పోయేచోట మగవాళ్ళకి ఒక వరస, ఆడవాళ్ళకి ఒక వరస కదా. నేను ఆవిడ వెనక నాలుగైదుగురికి అవతల ఉన్నాను, వాళ్ళు నన్ను చూడలేదు. ఆడవాళ్ళ వరస కుడి వైపున ఉంది కాబట్టి, తనిఖీ అయ్యాక ఆవిడ అటునుంచే వెళ్ళి ఆయన కుడి పక్కన కలిసింది. ఆయన కదల్లేదు. వెనక హాస్టలు పిల్లలు బ్యాగులతో తోసుకుంటున్నారు, జరగండంకుల్ అంటున్నారు. ఆయన చేతికర్ర నేలకు ఆనించి అలాగే నిలబడ్డాడు.

"ఇటు కాదు. అటు రా."

"ఏ పక్కనుంటె ఏంది, నడువు."

"ఈ పక్కనుంటె ఉత్తగనే కనిపిస్తవ్. ఆ పక్కనుంటెనే నేను చూడాలె."

ఆవిడ ఏదో గొణుక్కుంటూ ఆయన వెనక నుంచి చుట్టి ఎడమ పక్కకి వెళ్ళింది. ఆయన ఆవిడ వెళ్ళిన వైపుకే తల, తర్వాత భుజం, తర్వాత నడుము తిప్పి, ఆవిడ మొహం దొరికాక అప్పుడు అడుగు ముందుకు వేశాడు. వెనక పిల్లలంతా ఆగిపోయి ఉన్నారు. పలకరిద్దామని ఎత్తిన చెయ్యి నేను దించేసుకున్నాను. ఆయన అప్పుడు చూడాల్సింది నన్ను కాదు.